తలవరుడి నుంచి తలారి దాకా

బెజవాడ చుట్టుపక్కల – ధారావాహిక, 11వ భాగం

భవానీపురం మీదుగా హైదరాబాదు వెళ్లే రోడ్డు గొల్లపూడి, ఇబ్రహీంపట్నం, నందిగామ దాటి జగ్గయ్యపేట చేరుతుంది. జగ్గయ్యపేట దగ్గర ఒక బౌద్ధ స్తూపం బయటపడింది. దాని ఆయక స్తంభాల మీద ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఇరవయ్యో పాలనా సంవత్సరం నాటి శాసనం ఉంది. అంటే ఉరామరిగా పదిహేడు వందల ఏళ్ల కిందటిది. ఆ స్తంభాలు నిలబెట్టించిన సిద్ధార్థుడు రాజూ కాడు, సేనాపతీ కాడు. అతని పేరు ముందు ‘ఆవేసని’ అని ఉంది. అతని తండ్రి నాగచంద్రుడి పేరు ముందు కూడా అదే మాట ఉంది. ఆవేసని అంటే శిల్పుల పనిశాలకు పెద్ద. పని పంచి ఇచ్చేవాడు, రాయి ఎంచేవాడు, పని పూర్తయ్యేదాకా పూచీ పడేవాడు. ఉత్తరాన సాంచీ స్తూపం దక్షిణ తోరణం మీద కూడా శాతకర్ణి రాజు దగ్గర ఆవేసనిగా ఉన్న ఆనందుడు తన పేరు చెక్కించుకున్నాడు. మన ప్రాంతంలో పని నడిపించే మనిషికి హోదా చెబుతూ రాతికెక్కిన తొలి మాటల్లో ఇది ఒకటి. నాకు ఇందులో ముఖ్యంగా కనిపించేది ఒకటుంది. తండ్రి ఆవేసని, కొడుకూ ఆవేసనే. పని నేర్చిన కుటుంబంలో పని నిలవడం సహజమే. పనితోపాటు పెత్తనం కూడా ఇంట్లోనే నిలిస్తే ఏమవుతుందన్నది ఆ తర్వాతి పదిహేడు శతాబ్దాల కథ.

రాజవంశాల వరస గత భాగాల్లో చూశాం. ఈసారి ఆ రాజుల కింద పన్ను వసూలు చేసినవాళ్లు, లెక్క రాసినవాళ్లు, కాపలా కాసినవాళ్లు, నీరు పంచినవాళ్లు ఏ పేర్లతో బతికారో చూద్దాం. ఈ డెల్టాలో చాలా పేర్లు గొప్పగా పుట్టి చిన్నబోయాయి. కొన్ని చిన్నగా పుట్టి పెద్దవయ్యాయి. ఒకటి మాత్రం ఏ రాజ్యం మారినా కదలకుండా కూర్చుంది.

ముందు చిన్నబోయిన పేర్ల సంగతి.

నాగార్జునకొండ శాసనాల్లో రాజు తర్వాతి స్థాయి వాళ్లకు మూడు బిరుదులు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. మహాసేనాపతి, మహాదండనాయక, మహాతలవర. ఇక్ష్వాకు రాజు శాంతమూలుడి చెల్లెలు చాంతిసిరి నాగార్జునకొండలో మహాచైత్యాన్ని పోషించిన మహాదాత. ఆమె భర్త మహాతలవరుడు. రాజు తన చెల్లెల్ని ఇచ్చాడంటే ఆ హోదా ఎంతటిదో ఊహించుకోవచ్చు. అలాంటి ఇళ్ల స్త్రీలు కూడా శాసనాల్లో తమ పేరు ముందు ‘మహాతలవరి’ అని రాయించుకున్నారు. అది భర్తల పదవి వల్ల వచ్చిన గౌరవమే కావచ్చు. అయినా దానధర్మాల్లో వాళ్లు స్వతంత్రంగా నిలబడ్డారని ఆ రాళ్లు చెబుతున్నాయి.

అదే మాట కాకతీయుల నాటికి తలవరి అయింది. అప్పటికి అతను ఊరి కాపలా పెద్ద, దొంగల్ని పట్టేవాడు. ఇంకొన్ని శతాబ్దాలకు తలారి అయ్యాడు. పన్నిద్దరు ఆయగాండ్రలో ఒకడై, పంట కళ్లాల దగ్గర మేర గింజలు తీసుకుని, రాత్రిళ్లు ఊరు కాసి, మునసబు పంపిన కబురు మోసేవాడయ్యాడు. ఊళ్లో దొంగతనం జరిగి సొత్తు దొరక్కపోతే ఆ నష్టం తలారే భరించాలన్న వాడుక చాలాచోట్ల ఉండేది. అధికారం మొత్తం పోయింది, పూచీ మొత్తం మిగిలింది. తర్వాత సర్కారు అతన్ని గ్రామ సేవకుడంది, ఆపైన వీఆర్ఏ అంది. కృష్ణా, గుంటూరు పల్లెల్లో పెద్దవాళ్లు ఇప్పటికీ తలారి అనే పిలుస్తారు. రాజుగారి బావ హోదాకీ ఆ పిలుపుకీ ఒకే మూలమని పిలిచేవాళ్లకీ తెలియదు, పలికేవాళ్లకీ తెలియదు. తెలిస్తే ఆ పిలుపులో కాస్త మర్యాద పెరుగుతుందని నా ఆశ.

తూర్పు చాళుక్యుల రాగిరేకులు మరో సంగతి చెబుతాయి. వేంగి రాజు ఒక ఊళ్లో భూమి దానం చేసేటప్పుడు ఆ సంగతి ఎవరికి చెబుతున్నాడో శాసనం మొదట్లోనే ఉంటుంది. ఫలానా విషయంలో నివసించే రాష్ట్రకూటులు మొదలైన కుటుంబీకులందరికీ ఆజ్ఞాపిస్తున్నాను అంటాడు రాజు. విషయమంటే నేటి జిల్లాలాంటి విభాగం. గుద్రహార విషయం పేరు ఈ రేకుల్లో కనిపిస్తుంది, అది గుడివాడ వైపు ప్రాంతమని చరిత్రకారులంటారు. రాష్ట్రకూటుడంటే ఆ విభాగంలో పెద్ద రైతు, పెద్దమనిషి. దక్కను నేలిన రాష్ట్రకూట వంశంతో దీనికి నేరుగా పనిలేదు. రాజు దానం చేస్తే సరిపోదు, ఆ నేల మీద ఉన్న పెద్దకాపులకు తెలియజేయాలి. లేకపోతే దానం అమలు కాదు. తెలుగు శాసనాల్లో ఇదే మాట రట్టగుడి, రట్టడి అని కనిపిస్తుంది. రెడ్డి అన్న మాట అక్కడి నుంచే వచ్చిందని కొందరు పండితుల అభిప్రాయం. అది నిజమైతే, ఒకనాటి ఉద్యోగం పేరు ఇవాళ ఒక కులం పేరుగా నిలిచిందన్నమాట.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. కాకతీయుల కొలువులో డెబ్బై రెండు నియోగాలు, అంటే ఉద్యోగ శాఖలు ఉండేవి. వాటన్నిటి మీద పెద్దకు బాహత్తర నియోగాధిపతి అని పేరు. నియోగం చేసేవాడు నియోగి. ఆ మాట కూడా కాలక్రమాన బ్రాహ్మణుల్లో ఒక శాఖ పేరయింది. నాయంకర పద్ధతిలో సైన్యాన్ని పోషించి సీమను ఏలినవాడు నాయకుడు. నాయుడు అన్న గౌరవవాచకం అందులోంచే వచ్చింది. ప్రెగ్గడ అంటే మంత్రి. ఆ మాట ఇప్పుడు ఇంటిపేర్ల చివర మిగిలింది. ఉద్యోగం పోయింది, కొలువు పోయింది, రాజ్యం పోయింది, పేరు మాత్రం పిల్లల పెళ్లి శుభలేఖల మీద ఉంది.

ఆ కాలంలో మన డెల్టా నుంచి వెళ్లి పెద్ద హోదా చేసినవాడు దివిసీమకు చెందిన జాయపసేనాని. 13వ శతాబ్దం మొదట్లో గణపతిదేవుడు దివిసీమను జయించి, అక్కడి అయ్య వంశపు ఆడపడుచులు నారాంబ, పేరాంబలను పెళ్లి చేసుకున్నాడు. వాళ్ల తమ్ముడు జాయపను తన ఏనుగుల దండుకు అధిపతిని చేశాడు. గజసాహిణి అన్నది ఆ ఉద్యోగం పేరు. ఓడినవాళ్ల పిల్లవాణ్ని తెచ్చి యుద్ధంలో అన్నిటికంటే విలువైన బలాన్ని చేతికివ్వడం చిన్న సంగతి కాదు. జాయప ఏనుగుల్ని ఎలా నడిపాడో మనకు వివరంగా తెలియదు. అతను రాసిన నృత్తరత్నావళి మాత్రం నాట్యశాస్త్రంలో ఇప్పటికీ ప్రమాణ గ్రంథం.

కొండవీటి రెడ్డిరాజుల్లో పెదకోమటి వేమారెడ్డి దగ్గర శ్రీనాథుడు విద్యాధికారి. పండితుల యోగ్యత తేల్చడం, దానశాసనాలకు రచన చేయడం ఆ ఉద్యోగంలో భాగాలు. ఇవాళ విజయవాడలో ఏ బడి పంతులమ్మను అడిగినా జిల్లా విద్యాశాఖాధికారి అంటే ఎవరో చెబుతుంది. ఆరు వందల ఏళ్ల తర్వాత అంత చెక్కుచెదరకుండా మిగిలిన హోదా మరొకటి నాకు తోచదు. అదే శ్రీనాథుడు ముసలితనంలో కృష్ణ ఒడ్డున బొడ్డుపల్లిలో పొలం గుత్తకు తీసుకుని, ఏరు పొంగి పంట పోయి, గుత్త సొమ్ము కట్టలేక అవమానాలు పడ్డాడని చాటువు చెబుతుంది. అతన్ని పిలిచి అడిగినవాడు వసూళ్ల అధికారి. విద్యాధికారి అన్న పాత హోదా అక్కడ ఏమాత్రం అక్కరకు రాలేదు.

ఇక గోల్కొండ కాలం. కుతుబ్‌షాహీల రేవు మచిలీపట్నం. ఆ రేవు పట్టణాన్ని పాలించే అధికారిని హవల్దారు అనేవాళ్లు. డచ్చి, ఇంగ్లీషు వర్తకులు తమ ఉత్తరాల్లో అతన్ని గవర్నరుగానే లెక్కగట్టి, సుంకాల కోసం, సరుకుల కోసం అతని చుట్టూ తిరిగేవాళ్లు. పారశీక దేశం నుంచి వచ్చిన మీర్ మహమ్మద్ సయీద్ ఆ మచిలీపట్నంలో హవల్దారుగా చేసి, ఎదిగి ఎదిగి గోల్కొండకు మీర్ జుమ్లా అయ్యాడు. రెవెన్యూ, ఖజానా వ్యవహారాల మొత్తానికి పెద్ద. చరిత్ర పుస్తకాలు అతని సొంతపేరు దాదాపు మరిచిపోయి ఉద్యోగం పేరుతోనే పిలుస్తాయి. ఇవాళ హవల్దార్ అంటే సైన్యంలో ఒక చిన్న దళానికి పెద్ద. ఒకనాడు ఓడల సుంకం నిర్ణయించిన మాట అది.

ఆ మీర్ జుమ్లా పదవే 1670ల్లో తానీషా కొలువులో మాదన్నకు దక్కింది. ఓరుగల్లు ప్రాంతం నుంచి వెళ్లిన తెలుగు బ్రాహ్మణుడు పారశీక పేరున్న పదవిలో కూర్చుని గోల్కొండ ఖజానా నడిపాడు. సోదరుడు అక్కన్న పక్కనే ఉన్నాడు. 1686లో ఇద్దర్నీ హత్య చేశారు. ఇంద్రకీలాద్రి అడుగున, భవానీపురానికి కూతవేటు దూరంలో, వాళ్ల పేరుతో గుహలున్నాయి. ఆ గుహలు వాళ్లకంటే దాదాపు వెయ్యేళ్ల పాతవి. అయినా ఆ అన్నదమ్ములు అక్కడ కచేరీ చేసేవాళ్లని జనం చెప్పుకుంటూ వచ్చారు. బెజవాడ జనం ఆ గుహలకు తొలిపించిన రాజు పేరు పెట్టలేదు. లెక్కలు చూసిన మంత్రుల పేరు పెట్టుకున్నారు.

కవిలెకట్ట ఎవరి చేతిలో ఉంటే

ఇప్పటిదాకా చెప్పిన పేర్లు చాలావరకు ఎక్కాయి, దిగాయి, మాయమయ్యాయి. కదలని పేరు కరణం.

కాకతీయ శాసనాల నాటికే కరణం ఉన్నాడు. రెడ్డిరాజుల కింద ఉన్నాడు, గజపతుల కింద, విజయనగరం కింద, గోల్కొండ కింద, మొగలుల కింద, కంపెనీ కింద, విక్టోరియా రాణి కింద, నెహ్రూ కింద ఉన్నాడు. ఎందుకంత గట్టిగా నిలిచాడంటే సమాధానం తేలికే. ఊళ్లో ఏ చెక్క ఎవరిది, అది మెట్టా మాగాణా, ఎవరి ఇనాం ఎంత, నిరుడు ఎంత శిస్తు కట్టారు, ఎంత బాకీ పడ్డారు అన్నది అతని తాటాకుల కట్టలో తప్ప మరెక్కడా లేదు. కొత్త రాజు వచ్చి కోటమీద జెండా మార్చగలడు. మర్నాడు పన్ను వసూలు చేయాలంటే మాత్రం కరణం ఇంటి గుమ్మం ఎక్కాలి.

ఆ కట్టల్లో దండకవిలె అనేది ముఖ్యమైనది. ఊరు ఎప్పుడు పుట్టింది, ఏ రాజు ఏ గుడికి ఏ మాన్యం ఇచ్చాడు, ఎప్పుడు కరువొచ్చింది, ఎవరు దండెత్తారు అన్నవన్నీ అందులో తరతరాలుగా ఎక్కించుకుంటూ వచ్చేవాళ్లు. 19వ శతాబ్దం మొదటి రెండు దశాబ్దాల్లో కర్నల్ కాలిన్ మెకంజీ తెలుగు ఊళ్ల చరిత్రలు సేకరించేటప్పుడు ఆయన మనుషులు వెళ్లింది ఈ కరణాల ఇళ్లకే. ఆ పని నడిపించిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి అన్నదమ్ములది మన ఏలూరే. బొర్రయ్య 1803లో చిన్నవయసులోనే పోయాడు. లక్ష్మయ్య ఆ పని కొనసాగించాడు. గుంటూరు, కృష్ణా ఊళ్ల కైఫియత్తులు ఇవాళ మన చేతుల్లో ఉన్నాయంటే ఒకవైపు ఆ అన్నదమ్ముల తిరుగుడు, మరోవైపు పేరు తెలియని కరణాల రాతపని కారణం. ఈ మేలు మనం మరిచిపోకూడదు.

మేలుతోపాటు కీడూ చెప్పాలి. రైతుకు చదువు రాదు, కరణానికి వచ్చు. ఆ ఒక్క తేడా మీద ఎన్ని కుటుంబాల భూములు చేతులు మారాయో లెక్క లేదు. అడంగల్‌లో పేరు ఎక్కాలన్నా, చిట్టాలో సర్వే నంబరు సరిగా పడాలన్నా కరణం దయ. కరణం మీద తెలుగులో పుట్టినన్ని సామెతలు మరే ఉద్యోగి మీదా పుట్టలేదు. వాటిలో మెచ్చుకునేవి వెతికితే గానీ దొరకవు.

కంపెనీ వాళ్లకు ఈ సంగతి ఆలస్యంగా బోధపడింది. మచిలీపట్నంలో మొదట చీఫ్, అతని కౌన్సిల్ ఉండేవి. 1794లో ఆ ఏర్పాటు రద్దుచేసి కలెక్టర్లను పెట్టారు. పేరు చెబుతున్నట్టే అతని పని సొమ్ము వసూలు. 1802లో శాశ్వత శిస్తు ఏర్పాటుతో ఉత్తర సర్కార్లలో జమీందారులు ఖాయమయ్యారు. అమరావతి కట్టించిన వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు ఆ తరం జమీందార్లలో అందరికంటే వైభవంగా బతికాడు. 1816లో ఆయన పోయాక దత్తపుత్రుల వారసత్వ వ్యాజ్యం లండన్ దాకా వెళ్లింది, జమీ చెదిరిపోయింది.

కచేరీలో దొర కలెక్టరు, ఆయన కింద శిరస్తదారు. అమెరికన్ చరిత్రకారుడు రాబర్ట్ ఫ్రైకెన్‌బర్గ్ 1788 నుంచి 1848 దాకా గుంటూరు జిల్లా పాలన మీద 1965లో ఒక పుస్తకం ప్రచురించాడు. అందులో ఆయన చూపించింది ఇదే. కలెక్టర్లు వచ్చేవాళ్లు, పోయేవాళ్లు. అసలు లెక్క శిరస్తదారు చేతిలో, ఆ కింద ఊళ్లలో కరణాల చేతిలో ఉండేది. పైవాళ్లు ఇచ్చిన ఆజ్ఞలు కిందికి వచ్చేసరికి కొత్త రూపం తొడుక్కునేవి. 1832–33 నాటి నందన కరువులో గుంటూరు సీమ సగం ఖాళీ అయిపోయినంత పనైంది. ఆ తర్వాత కూడా లెక్కలు తేలలేదు. చివరికి వాల్టర్ ఇలియట్‌ను విచారణకు పంపారు. ఆ వచ్చినవాడే 1845లో అమరావతి స్తూపాన్ని తవ్వించాడు. శిస్తు లెక్కల కోసం వచ్చిన మనిషి చేతుల మీదుగా మన శిల్పాలు మద్రాసుకు, అక్కణ్నుంచి లండన్‌కు వెళ్లిపోయాయి.

వసూళ్లకోసం పుట్టిన కలెక్టరు అన్న మాట మాత్రం దిగలేదు, పెరిగింది. 1859లో కృష్ణా జిల్లా ఏర్పడ్డాక శాంతిభద్రతలు, కరువు పనులు, కాలవలు, బళ్లు, అన్నీ ఒక్కొక్కటిగా ఆ కుర్చీ కిందికి చేరాయి. 2022 ఏప్రిల్ 4న ఎన్టీఆర్ జిల్లా ఏర్పడి విజయవాడలోనే కలెక్టరేటు వెలిసింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ నుంచి ఇటు భవానీపురం కొసల దాకా నీళ్లు నిలిచినప్పుడు, అన్నం పొట్లం మొదలు పడవ దాకా జనం ఎదురుచూసింది కలెక్టరు వైపే. పన్ను వసూలుకు పెట్టిన పేరు ప్రాణాలు కాపాడే కుర్చీకి దక్కింది.

కాలవల దగ్గర మరో మాట ఉంది. 1855లో కృష్ణ ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా అంతటా తూములు, లాకులు, వాటి దగ్గర మనుషులు అవసరమయ్యారు. తూము తలుపు ఎత్తి దించే మనిషిని లస్కర్ అన్నారు. పారశీకంలో లష్కర్ అంటే సైన్యం. దండు నుంచి ఓడల్లో కళాసీలకు, వాళ్లనుంచి కాలవగట్టు మీది మనిషికి ఆ మాట చేరింది. పైన ఇంజనీర్లు ఎంతమంది ఉన్నా, చివరి భూముల రైతుకు రాత్రి రెండు గంటలకు నీరు వస్తుందా రాదా అన్నది లస్కరు చేతిలో ఉండేది. 1997లో సాగునీటి వ్యవస్థల యాజమాన్యం రైతులకే అప్పగిస్తూ చట్టం వచ్చింది. నీటి సంఘాలకు అధ్యక్షుల్ని ఎన్నుకున్నారు. అయినా వరినాట్ల వేళ మా డెల్టా రైతులు ముందు వెతికేది లస్కరునే.

పెరవలిపాలెం మునసబు

ఊరి ఉద్యోగాలు వంశపారంపర్యంగా నడవాలన్నది మొదట వాడుక. 1895లో మద్రాసు ప్రభుత్వం దాన్ని చట్టం చేసింది. మునసబు కొడుకు మునసబు, కరణం కొడుకు కరణం. కొడుకు మైనరైతే ఎవరో ఒకరు తాత్కాలికంగా చూస్తారు, పదవి అతని కోసం ఆగుతుంది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి, ఉద్యోగాల్లో పుట్టుకను బట్టి వివక్ష కూడదని రాజ్యాంగం చెప్పాక కూడా ఈ చట్టం అలాగే ఉంది.

దాన్ని కూలగొట్టిన వ్యాజ్యం మన డెల్టాలోనే పుట్టింది. తెనాలి తాలూకాలో పెరవలి గ్రామాన్ని విభజించి పెరవలిపాలెం అనే కొత్త గ్రామాన్ని ఏర్పాటు చేశారు. కొత్త ఊరికి మునసబు కావాలి. దరఖాస్తులు పిలిచారు. గాజుల దశరథరామారావు అనే ఆయనకు మొదట ఉద్యోగం ఇచ్చారు. అసలు ఊరి పాత మునసబు కొడుకు, ఊరు రెండయినా హక్కు మా వంశానిదే అని పైకి వెళ్లాడు. పై అధికారులు 1895 చట్టం చూపించి అతని పక్షాన నిలిచారు. దశరథరామారావు సుప్రీంకోర్టు తలుపు తట్టాడు. 1960 డిసెంబరు 6న తీర్పు వచ్చింది. ఊరి మునసబు ఉద్యోగం రాజ్యం కింద ఉన్న ఉద్యోగమేననీ, పుట్టుక కారణంగా ఒకరికి ఇచ్చి మరొకరికి నిరాకరించడం రాజ్యాంగంలోని 16వ అధికరణానికి విరుద్ధమనీ కోర్టు తేల్చింది. చట్టంలోని ఆ నిబంధన చెల్లకుండా పోయింది.

మన పాఠ్యపుస్తకాలు ఈ కేసును చెప్పవు. న్యాయశాస్త్రం చదివే పిల్లలు దీన్ని చదువుతారు గానీ పెరవలిపాలెం ఎక్కడుందో వాళ్లకు తెలియదు. చిన్న ఊరి చిన్న ఉద్యోగం కోసం ఢిల్లీ దాకా వెళ్లిన మనిషి వల్ల ఆవేసని నాటి నుంచి నడిచిన ఒక ఆనవాయితీ చట్టం ముందు ఓడిపోయింది. ఈ ధారావాహికలో నేను రాజుల గురించి ఎన్నో పేజీలు రాశాను. వాళ్లలో చాలామంది కంటే ఈయన చేసిన పని ఎక్కువకాలం నిలుస్తుందని నా నమ్మకం.

చట్టం పోయినా మనుషులు పోలేదు. పదవులు చాలావరకు ఆ కుటుంబాల్లోనే తిరిగాయి. తాటాకులు పోయి కాగితాలు వచ్చినా కట్ట మాత్రం అదే ఇంట్లో ఉండేది. 1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి కరణం, మునసబు ఉద్యోగాల్ని ఒక్క కలంపోటుతో రద్దు చేసింది. తెలంగాణలో పటేల్, పట్వారీలు కూడా అప్పుడే పోయారు. ఆ ఆర్డినెన్సును సుప్రీంకోర్టు 1985లో సమర్థించింది. రామారావు పుట్టింది కృష్ణా జిల్లా నిమ్మకూరులో. సినిమాల్లోకి పోకముందు గుంటూరు జిల్లా ప్రత్తిపాడులో సబ్ రిజిస్ట్రారుగా కొద్దికాలం పనిచేశారు. భూమి కాగితం విలువేమిటో, అది ఎవరి చేతిలో ఉంటే ఏమవుతుందో ఆయనకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

ఆ రద్దు మంచిదా చెడ్డదా అని డెల్టాలో ఇప్పటికీ వాదించుకుంటారు. నా తీర్పు నేను చెబుతాను. రద్దు అవసరం, న్యాయం. చేసిన తీరులో మాత్రం పెద్ద లోపముంది. రాత్రికి రాత్రి పదవి పోయిన ఇళ్ల నుంచి రికార్డులు పూర్తిగా చేరలేదు. చేరినవి తాలూకా కచేరీల మూలల్లో పడి చెదలు తిన్నాయి. జీతం కాని జీతం మీద బతికిన తలారులు, వెట్టివాళ్లు ఏళ్ల తరబడి తమ స్థితి ఏమిటో తెలియక నలిగారు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. తహసీల్దారు పోయి ఎమ్మార్వో వచ్చాడు. కొన్నేళ్లకు తహసీల్దారు అన్న పాత పేరే తిరిగొచ్చింది, జనం నోట ఎమ్మార్వో ఆఫీసు మాత్రం పోలేదు. కరణం చోట గ్రామ సహాయకుడు, పంచాయతీ కార్యదర్శి, వీఆర్వో ఒకరి తర్వాత ఒకరు వచ్చారు.

కార్యదర్శి అన్న మాట కథ చిత్రంగా ఉంటుంది. పని చూసేవాడు, రాతకోతల మనిషి అన్నదే దాని అర్థం. అదే మాట కమ్యూనిస్టు పార్టీలో అందరికంటే పైపదవి. కృష్ణా జిల్లా మంగళాపురంలో పుట్టిన చండ్ర రాజేశ్వరరావు 1964 నుంచి 1990 దాకా భారత కమ్యూనిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి. దేశవ్యాప్త పార్టీని పాతికేళ్లకు పైగా నడిపిన మనిషి తన హోదాగా రాసుకున్నది కార్యదర్శి అన్న మాటే. అటు పరిశ్రమల వైపు చూస్తే తీరు వేరు. పత్రికల్లో ఫ్యాక్టరీని నడిపేవాళ్లను యాజమాన్యం అంటాం. సొత్తు ఎవరిదో, పని నడిపేది ఎవరో మన మాట విడదీయదు. కార్మికులు సమ్మె నోటీసు ఇచ్చేది యాజమాన్యానికే, అది సర్కారు సంస్థ అయినా సరే. వన్‌టౌన్ మార్కెట్లో ముఠా కూలీలకు పని పంచే మేస్త్రీ మాత్రం మరో దేశపు మాట మోస్తున్నాడు. పోర్చుగీసు వాళ్ల మెస్త్రె నుంచి వచ్చిందది. జగ్గయ్యపేట ఆవేసని చేసిన పనే అతనూ చేస్తున్నాడు.

ఊళ్లలో సర్పంచి అన్న మాట చట్టంలో ఉంది, మన జిల్లాల్లో నోటిమాట మాత్రం ప్రెసిడెంటు గారే. రాజ్యాంగ సవరణ తర్వాత ఆ కుర్చీలోకి స్త్రీలు వచ్చారు. బెజవాడలో 2000 సంవత్సరంలో పంచుమర్తి అనురాధ ఇరవయ్యారేళ్ల వయసులో మేయరయ్యారు. 1888లో పుట్టిన మునిసిపాలిటీకి అది కొత్త రోజు. అయితే పల్లెల్లో గెలిచిన ఆమె ఇంట్లో ఉండగా, భర్తను ప్రెసిడెంటు గారని పిలవడం ఇంకా పోలేదు. మహాతలవరి చాంతిసిరి కాలంలో భర్త పదవి భార్యకు గౌరవం తెచ్చింది. ఇప్పుడు భార్య పదవి భర్త చేతిలో పెత్తనం అవుతోంది. ఇది చట్టం కళ్లముందు జరుగుతున్న అన్యాయం, సర్దుకుపోవడానికి వీల్లేదు.

2019 అక్టోబరు 2 నుంచి గ్రామ, వార్డు సచివాలయాలు వచ్చాయి. సచివుడంటే మంత్రి. సచివాలయమంటే నిన్నమొన్నటి దాకా రాజధానిలో మంత్రులుండే భవనం. ఇప్పుడు భవానీపురంలో రేషన్ కార్డు, ఆదాయ ధ్రువపత్రం, పింఛను కోసం వెళ్లేది సచివాలయానికి. లోపల పరిపాలన కార్యదర్శి, పారిశుధ్య కార్యదర్శి, ప్రణాళిక కార్యదర్శి, విద్యా కార్యదర్శి ఉంటారు. వాళ్లలో ఎక్కువమంది పరీక్ష రాసి వచ్చిన యువతీ యువకులు. వాళ్ల నాన్న ఏ ఉద్యోగం చేశాడని ఎవరూ అడగలేదు. పెరవలిపాలెం వ్యాజ్యం గెలిచింది ఇందుకే.

చివరిగా పాఠకులకు ఒక విన్నపం. మీది కరణీకం చేసిన ఇల్లైనా, మునసబు ఇల్లైనా, తలారి ఇల్లైనా, అటక మీద పాత కవిలెకట్టలు, అడంగళ్లు, ఇనాం కాగితాలు, తాటాకులు ఉంటే పాతసామాన్ల వాడికి తూకానికి వేయకండి. అందులో మీ భూమి గొడవ లేకపోవచ్చు, మీ ఊరి మూడు వందల ఏళ్లు ఉండొచ్చు. వాటిని ఫోటో తీయించండి, ఊరి పేరు, దొరికిన చోటు రాసిపెట్టండి, మీకు నమ్మకమున్న గ్రంథాలయానికో, రాష్ట్ర ఆర్కైవ్స్‌కో, విశ్వవిద్యాలయ చరిత్ర శాఖకో అందజేయండి. తలారి ఇళ్ల వాళ్లకు మరీ ముఖ్యంగా చెబుతున్నాను. మీ తాతలు రాయలేదు గనుక వాళ్ల కథ ఏ కట్టలోనూ సరిగా లేదు. పెద్దవాళ్లు బతికుండగానే అడిగి రాసుకోండి.